ఉత్త ట్యూబు

"ఇంకోసారి చెప్పు," అన్నాడు పెద్దవాడు చెల్లెలితో.

చిన్నది కూడగట్టుకున్న ధైర్యమంతా ఒకసారి చెప్పడానికే ఖర్చయిపోయింది.

హాలు మధ్య కుర్చీలో మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని వాళ్ళమ్మ ఈలమ్మ కూర్చుని ఉంది. ఆవిడ వెనక కత్తెర పట్టుకుని కోడలు నిలబడింది. ఎడమవైపు జుట్టు చెవి పైదాకా కత్తిరించడం అయిపోయింది. కుడివైపుది నడుము దాకా అలాగే వేలాడుతోంది. సోమవారం నుంచి ఎక్కించే మందుకి జుట్టు రాలిపోతుందని డాక్టరు చెప్పాడు. "నా జుట్టు నేను తీయించుకుంటాను గాని, మధ్యలో మందెవరు తీయడానికి?" అని ఈలమ్మ పొద్దున్నే కోడలిని పార్లర్‌లో పనికి వెళ్ళనివ్వకుండా ఆపి, కత్తెర చేతిలో పెట్టింది.

సరిగ్గా సగం తల అయ్యాక కూతురు గదిలోంచి వచ్చి పిడుగులాంటి మాట అంది. అమ్మ గడ్డ గురించి తను ఇంట్లో చెప్పిన ఫలితాన్ని నమ్మొద్దట.

"నమ్మొద్దా?" పెద్దవాడి గొంతు లేచింది. "నువ్వు చెప్పబట్టేగా అమ్మ మందుకి ఒప్పుకుంది! డాక్టరు కాళ్ళా వేళ్ళా పడినా ఒప్పుకోని మనిషి!"

డాక్టరు కాళ్ళా వేళ్ళా పడలేదు. అది పెద్దవాడు కోపంలో కలిపిన మసాలా. రొమ్ములో గడ్డ తీసేశాక డాక్టరు చెప్పింది అటూ ఇటూ కాని మాట. గడ్డ చిన్నదే, ఎక్కడికీ పాకలేదు, మందు ఎక్కించుకుంటే కొంత మేలుండొచ్చు, మానుకున్నా తప్పు లేదు, మీ ఇష్టం అన్నాడు. మీ ఇష్టం అన్నాక ఈలమ్మ ఇష్టమేంటో వేరే అడగాలా? వద్దు పొమ్మంది. ముప్ఫై ఏళ్ళు బడి మైదానంలో పిల్లల చేత డ్రిల్లు చేయించిన మనిషి. ఈలమ్మ అన్న పేరు పెట్టింది ఆ పిల్లలే. పెట్టినవాళ్ళ చేత మైదానం చుట్టూ పరుగు తీయించి, పేరు మాత్రం ఉంచేసుకుంది.

అలాంటి మనిషి తలొగ్గింది కూతురి మాటకే. చిన్నది పరిశోధనశాలలో పనిచేస్తుంది. అమ్మ గడ్డలో ఒక రకం పొడుగాటి ఆర్‌ఎన్‌ఏ విపరీతంగా ఉందని, అలాంటి గడ్డలు తిరిగొచ్చే భయం ఎక్కువని, మందు తీసుకోవాల్సిందేనని ఏడ్చి మరీ ఒప్పించింది.

"అత్తయ్యా, కత్తిరించమంటారా, ఆపమంటారా?" అంది కోడలు మెల్లగా.

"ఆపు." ఈలమ్మ కూతురి వైపు తిరిగింది. "ఏంటే తప్పు? మీ ల్యాబ్ భాషలో వద్దు. మీ వదినకి అర్థమయ్యేలా చెప్పు."

"నాకేమైందత్తయ్యా, నాకు బాగానే అర్థమవుతుంది," అంది కోడలు ఉడుక్కుంటూ.

చిన్నది నేల చూపులు చూస్తూ మొదలుపెట్టింది. "గడ్డ ముక్కలోంచి ఆర్‌ఎన్‌ఏ తీస్తాం. మిషన్ దాన్ని నేరుగా లెక్కపెట్టలేదు. ఒక ఎంజైమ్ వేసి డీఎన్‌ఏగా మారిస్తే అప్పుడు లెక్కపెడుతుంది. ఎంత ఎక్కువుంటే తెర మీద గీత అంత తొందరగా లేస్తుంది. అయితే ముక్కలో అసలే ఉన్న డీఎన్‌ఏ ఏ కాస్త మిగిలిపోయినా, మిషన్ దాన్నీ కలిపేసుకుంటుంది. దానికి తేడా తెలీదు. అందుకే పక్కన ఇంకో ట్యూబు పెడతాం, ఎంజైమ్ వెయ్యకుండా. ఉత్త ట్యూబు అంటాం. అందులో గీత లేవకూడదు. లేచిందంటే మనం చూసింది ఆర్‌ఎన్‌ఏ కాదు."

"పెట్టావా?" అన్నాడు పెద్దవాడు.

"పెట్టలేదు."

"ఎందుకని?"

"ముక్క చిటికెడు. వచ్చింది నాలుగు చుక్కలు. ఉత్త ట్యూబుకి పోస్తే వృథా అనిపించింది. నా చెయ్యి శుభ్రం, నా పనిలో డీఎన్‌ఏ ఎందుకు మిగులుతుంది అనుకున్నాను. తొందరగా తెలుసుకోవాలనిపించింది అన్నయ్యా. అమ్మది కదా."

ఉత్త ట్యూబు పెట్టలేదని కిందటేడాది ఒక జూనియర్ పిల్లని అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది ఈ చిన్నదే. ఎదుటివాళ్ళ కంట్లో నలుసు కనిపించినంత సులువుగా మన కంట్లో దూలం కనిపించదు మరి.

పెద్దవాడు లిఫ్టులు బాగుచేసే మనిషి. "నేను లిఫ్టు బాగుచేసి, బ్రేకు పడుతోందో లేదో చూడకుండా జనాన్ని ఎక్కిస్తే ఏమంటావు?"

"తిడతాను."

"మరి నిన్నేమనాలి?"

"తిట్టు."

తిట్టమంటే తిట్టలేకపోయాడు. హాల్లో అటూ ఇటూ తిరిగాడు. కోడలు వంగి, నేల మీద పడ్డ జుట్టంతా పాయగా సర్ది పాత దుప్పట్లో పెట్టింది. పక్కింట్లో మిక్సీ మోగి ఆగింది.

"ఇప్పుడెందుకు చెప్పావు?" అన్నాడు పెద్దవాడు చివరికి. ఈసారి అరవలేదు. అదే చిన్నదానికి ఎక్కువ తగిలింది. "నోరు మూసుకుని ఉంటే మందు ఎక్కేది. ఎక్కితే మంచిదేగా. తప్పో ఒప్పో, అమ్మ బతుకుతుంది."

"అబద్ధం చెప్పి ఎక్కించమంటావా?"

"అమ్మ ఉంటే చాలు నాకు. నీ నిజంతో నాకేం పని?"

"నాకుంది పని," అంది ఈలమ్మ. "ఆ మందెక్కేది నీ నరంలోకా, నా నరంలోకా?"

"అమ్మా, నీ మంచికే..."

"నా మంచికే అనుకునేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. ఒకర్తేమో భయపెట్టి ఎక్కించాలని చూసింది. ఇంకొకడేమో అబద్ధమైనా ఎక్కించాలంటున్నాడు. గుండెకి కూడా దెబ్బ తగలొచ్చని డాక్టరు చెప్పిన మందు అది. నేను మనిషిననుకున్నారా, మీరు తోసే బండిననుకున్నారా?"

తువ్వాలు లాగి కుర్చీ మీద పడేసి లేచింది. గోడకి తగిలించిన ఈల తీసి మెళ్ళో వేసుకుంది. ఉద్యోగం మానేసినా బయటికి వెళ్ళేటప్పుడు అది ఉండాల్సిందే. "పద. మీ ల్యాబ్‌కి."

"ఈ తలతోనా?" కోడలు లోపలికి పరిగెత్తి స్కార్ఫ్ తెచ్చింది. "ఇది కట్టుకోండి అత్తయ్యా, జనం చూస్తారు."

"చూడనీ. దొంగతనం చేశానా?"

"అమ్మా, మా మేడం ఊరుకోదు," అంది చిన్నది. "ఈ సంగతి తెలిస్తే నన్ను..."

"తెలియాలి. అడుసు తొక్కావు, కాలు నువ్వే కడుక్కోవాలి. నేను నీళ్ళు పోస్తాను."

బస్సులో జనం చూశారు. చూడకుండా ఎలా ఉంటారు? ఎడమ పక్క కూర్చున్నవాళ్ళకి ఒక మనిషి, కుడి పక్క కూర్చున్నవాళ్ళకి ఇంకో మనిషి. కండక్టర్ టిక్కెట్టు చింపడం మరిచిపోయి నిలబడిపోయాడు.

"సగం తలకి సగం టిక్కెట్టు ఏమైనా ఉందా నాయనా?" అంది ఈలమ్మ. బస్సులో సగంమంది నవ్వారు. చిన్నదానికి నవ్వు రాలేదు.

"ఏదీ, ఆ పొడుగాటి దాని సంగతి మళ్ళీ చెప్పు," అంది తల్లి.

చిన్నది ఎన్నోసార్లు చెప్పిందే. ఒంట్లో పనులన్నీ చేసేవి ప్రోటీన్లు. వాటి తయారీకి పనికొచ్చే ఆర్‌ఎన్‌ఏలు కొన్నే. మిగిలిన వాటిలో చాలా పొడుగాటివి ఉన్నాయి, అవి ఏ ప్రోటీనూ చెయ్యవు. ఏమీ చెయ్యనివి ఎందుకని, ఒకప్పుడు వాటిని చెత్త కింద తీసి పారేశారు.

"అవి ఆట ఆడవమ్మా. నీలాగ బయట నిలబడి ఈల వేస్తాయి. ఏ జన్యువు పరిగెత్తాలో, ఏది ఆగాలో చెబుతాయి. కొన్ని క్యాన్సర్లలో అలాంటిదొకటి హద్దు మీరి పెరిగిపోతుంది. కణం పెరగకుండా బ్రేకు వేసే జన్యువుల్ని ఈల వేసి కూర్చోబెట్టేస్తుంది. ఇక కణాన్ని పట్టేవాళ్ళుండరు."

"నా గుండెల మీద కూర్చుని నన్నడక్కుండా ఈల వేసిందన్నమాట," అంది ఈలమ్మ మెళ్ళో ఈల సవరించుకుంటూ. "దాని పొగరు చూడు."

ల్యాబ్‌లో అందరూ పెద్దమేడం అని పిలిచే ఆవిడ సన్నగా, పొట్టిగా ఉంటుంది. పెద్ద అన్నది హోదాకే. చిన్నది చెప్పిందంతా ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా వింది. విన్నాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీస్తే ల్యాబ్‌లో గాలి కూడా ఆచితూచి వీస్తుందని పేరు.

"ఆసుపత్రి నుంచి వచ్చే ముక్క మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఎందుకో నీకు తెలుసు."

"తెలుసు మేడం."

"మరి మీ అమ్మగారిదని నీకెలా తెలిసింది?"

"ఆపరేషన్ రోజు ఆ పెట్టె తెచ్చింది నేనే. ఆ రోజు వచ్చింది ఒక్కటే ముక్క."

"నంబరు వెనక మనిషిని వెతికావు. అది ఒకటి. వైద్యానికి ఇంకా పనికిరాని ఫలితాన్ని ఇంటికి తీసుకెళ్ళి చెప్పావు. అది రెండు. పైగా ఉత్త ట్యూబు లేదు." ఇష్టమైన శిష్యురాలి మీద వచ్చే కోపం మామూలు కోపం కన్నా చేదుగా ఉంటుంది. "ఇవాళ్టి నుంచి ఈ పనిలో నువ్వు లేవు. మిగిలింది కమిటీ చూస్తుంది."

చిన్నది తలూపింది.

"న్యాయమే," అంది ఈలమ్మ. "తప్పు చేసింది, దండన వెయ్యండి. మా మైదానంలో అయితే ఎండలో పరుగు తీయించేదాన్ని. కానీ ముందు ఆ ఉత్త ట్యూబు పెట్టించండి."

పెద్దమేడం అప్పుడే ఆవిడ తలని పూర్తిగా చూసింది. చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. "క్షమించండి. మీకోసం పరీక్ష చేస్తే నేనూ అదే తప్పు చేసినట్టవుతుంది."

"నాకోసం వద్దు. ఆ నంబరు కోసం చెయ్యండి. ఉత్త ట్యూబు లేని లెక్కని మీరు మీ పుస్తకాల్లో ఉండనిస్తారా?"

"ఉండనివ్వను."

"నాకు ఎవరూ ఏమీ చెప్పకపోయినా, ఆ ట్యూబు ఏదో ఒకనాడు పెట్టాల్సిందేగా?"

"పెట్టాల్సిందే."

"ఆ రోజు ఇవాళే అనుకోండి. నేను ఆ మందు ఎక్కించుకోవాలా వద్దా అని తేల్చుకోవాల్సింది సోమవారం. ముక్క ఇచ్చిన రోజు సంతకం పెట్టాను, మీకు కావలసినట్టు వాడుకోండి అని. తప్పుగా వాడుకోండి అని పెట్టలేదు."

పెద్దమేడం చాలాసేపు కిటికీలోంచి చూసింది. బయట చూడ్డానికి సైకిల్ స్టాండు తప్ప ఏమీ లేదు.

"ఫ్రీజర్‌లో ఇంకా మిగిలిందా?" అంది చిన్నదానితో.

"ఒక చుక్క ఉంది. రెండు ట్యూబులకీ ఒక్కసారికి సరిపోతుంది."

"నువ్వు ముట్టుకోకు." పెద్దమేడం లేచి గ్లవ్స్ పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఆవిడ స్వయంగా గ్లవ్స్ తొడుక్కోవడం చూసి ఎన్నాళ్ళయిందో, గది బయట ఉన్న పిల్లలంతా చేతిలో పని వదిలేసి నిలబడ్డారు. మంచు గంపలో ట్యూబు పెట్టుకుని, పురిటిబిడ్డని ఎత్తుకెళ్ళినట్టు జాగ్రత్తగా లోపలికి వెళ్ళింది. ఆర్‌ఎన్‌ఏ అంత సుకుమారం. వేలు తగిలితే చాలు, ముక్కలైపోతుంది.

తల్లీ కూతుళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పెద్దవాడు ఫోన్ చేశాడు. చిన్నది ఎత్తింది.

"ఏమైంది?"

"ఇంకా తెలీదు."

"నేను వస్తున్నాను," అని పెట్టేశాడు.

మధ్యాహ్నం దాటుతోంది. ఈలమ్మ కుడివైపు జుట్టుని చేత్తో పట్టుకుని చిక్కులు తీసుకుంటోంది. ఎడమవైపు చెయ్యి పోనిస్తే అక్కడ ఏమీ తగలక, మళ్ళీ కుడివైపుకే వస్తోంది.

"అమ్మా," అంది చిన్నది. "నేను చదువుకున్నదంతా ఈ ఒక్కదాని మీదే. చెత్త అన్నవాళ్ళందరితో పోట్లాడాను. మీటింగుల్లో నవ్వితే ఏడ్చాను. ఇది చెత్త కాదని చెప్పడానికే నేను పుట్టాననుకున్నాను." ఆగింది. "ఇవాళ ఆ ఉత్త ట్యూబులో గీత లేవాలని కోరుకుంటున్నాను. నేను చూసింది తప్పయిపోవాలి. నీ ఒంట్లో అది లేదని తేలాలి. నా పనంతా మట్టికొట్టుకుపోయినా పర్వాలేదు."

ఈలమ్మ జుట్టు వదిలేసింది. "అలా కోరుకోకు."

"ఎందుకని?"

"నా మీద జాలితో నువ్వు వెనక్కి తగ్గితే నాకు తలవంపులు. అది ఉంటే ఉంది. ఉందని తెలిస్తే కదా దాంతో తలపడేది. కనపడని వాడితో నేనెప్పుడూ ఆడలేదు."

"నాకు భయంగా ఉందమ్మా."

"నాకు లేదనుకున్నావా?" అంది ఈలమ్మ. ఆ మాట కూతురు ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. "రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అయితే ఏంటట? భయపడుతూ కూడా నిలబడొచ్చు."

లోపలి నుంచి పెద్దమేడం పిలిచింది.

తెర మీద ఒక గీత అప్పటికే లేచింది. ఎంజైమ్ వేసిన ట్యూబుది. చిన్నది చూడగానే పోల్చుకుంది. మొదటిసారి లేచినట్టే, అంత తొందరగానే లేచింది. దాని కింద ఇంకో గీత, ఉత్త ట్యూబుది, నేలకి అంటుకుని ఉంది.

"ఇంకా టైముంది," అంది చిన్నది. "లేవొచ్చు."

ముగ్గురూ తెరనే చూస్తున్నారు. చిన్నది బల్ల అంచు గట్టిగా పట్టుకుని, పెదవులు కదిపింది. లే, లే అంటోంది. ఇన్నేళ్ళలో ఏ ఉత్త ట్యూబునీ ఆమె అలా బతిమాలలేదు.

మిషన్ ఆగింది. రెండో గీత లేవలేదు.

"నీ లెక్క నిజం," అంది పెద్దమేడం. ఆ మాట కోసం శిష్యులు ఆవిడ చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతారు. చిన్నది కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"అంటే నాకు తిరగబెడుతుందా?" అంది ఈలమ్మ.

పెద్దమేడం ఆవిడ వైపు సూటిగా తిరిగింది. "అలా చెప్పలేనండి. మేం చూసినవాళ్ళలో ఇది ఎక్కువున్నవాళ్ళకి తిరగబెట్టడం ఎక్కువే కనిపించింది. ఎక్కువుండి కూడా ఏళ్ళ తరబడి హాయిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఈ మందు వల్ల వాళ్ళకి మేలు జరుగుతుందా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు. అందుకే ఏ డాక్టరూ దీన్ని చూసి మందు రాయడు. రాయకూడదు కూడా."

"ఈల మోగుతోందని తెలిసింది. ఆట ఎటు పోతుందో తెలీదు."

"అంతే."

"ఇంత గొడవా చేస్తే తెలిసింది ఒక్క ముక్కా?"

"ఒక్క ముక్కే," అంది పెద్దమేడం. "పొద్దున అది కూడా లేదు మీ దగ్గర."

ఈలమ్మ కాసేపు తెర వంక చూసింది. ఆవిడ కళ్ళు తడిశాయి. తుడుచుకోలేదు. ఆ తర్వాత బల్ల మీద కాగితాల పక్కన ఉన్న కత్తెర తీసి కూతురి ఒళ్ళో పెట్టింది.

"ఇదేంటి?" అంది చిన్నది తల ఎత్తి.

"మిగతా సగం. సగం తలతో ఇల్లు దాటాను, సగం తలతో తిరిగి వెళ్ళను."

"వదిన బాగా కత్తిరిస్తుంది. నాకు రాదమ్మా."

"నీ చెయ్యే కావాలి. తప్పు చేసిన చెయ్యి, వచ్చి తప్పు ఒప్పుకున్న చెయ్యి. కానియ్యి."

పెద్దమేడం కుర్చీ ఒకటి వరండాలోకి లాగింది. చిన్నది తల్లి వెనక నిలబడి మొదటి పాయ చేతిలోకి తీసుకుంది. కాగితాలు కత్తిరించే కత్తెర. జుట్టుకి పదును చాలక నమిలినట్టు కత్తిరిస్తోంది.

మెట్లెక్కి రొప్పుతూ పెద్దవాడు వచ్చాడు. చెల్లెలి చేతిలో కత్తెర చూశాడు, తల్లి ఒళ్ళో పడుతున్న జుట్టు చూశాడు. అతని మొహం విప్పారింది.

"గీత లేవలేదు కదూ? ఫలితం నిజమే కదూ?"

"నిజమే," అంది ఈలమ్మ.

"అయితే సోమవారం మందు ఖాయం. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చేస్తాను." అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టేశాడు.

ఈలమ్మ మెళ్ళో ఈల తీసి నోట్లో పెట్టుకుని ఊదింది. వరండా దద్దరిల్లింది. ల్యాబ్ తలుపుల్లోంచి తలలు బయటికొచ్చాయి. పెద్దవాడి చేతిలోంచి ఫోన్ జారి నేల మీద పడింది. చిన్నప్పుడు మైదానంలో నిలబడ్డట్టే, చేతులు పక్కకి పెట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు.

"సోమవారం నేను వెళ్తాను. డాక్టర్ని అడగాల్సినవి నేను అడుగుతాను. ఎక్కించుకుంటానో లేదో ఆయనకి నేనే చెబుతాను. అప్పటిదాకా మన ఇంట్లో ఎవరూ నా తరఫున ఫోన్ చెయ్యడానికి వీల్లేదు."

"ఏం చెబుతావమ్మా?" అన్నాడు పెద్దవాడు. అతని గొంతు చిన్నపిల్లాడిదయిపోయింది.

చిన్నది కూడా అదే అడగాలనుకుంది. చివరి పాయ ఆమె చేతిలోనే ఉంది, కత్తెర ఆగిపోయింది.

"నువ్వెందుకు ఆగావు?" అంది ఈలమ్మ, తల తిప్పకుండా. "కానియ్యి."